పీసీ గేమింగ్‌కు హెడ్‌ఫోన్, మైకు ఎంచుకోవడం: మన నెల్లూరు, ఒంగోలు ఎండలకు, గదులకు తగ్గట్టు

మే నెలలో ఒంగోల్లో మిట్టమధ్యాహ్నం గదిలో ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటుంది, పక్కనే కూలర్ హోరు. ఆ గదిలో కూర్చుని, ఎవరో ఏసీ స్టూడియోలో మెచ్చుకున్న ఓపెన్ బ్యాక్ (కప్పుల వెనక జాలీ ఉండే) హెడ్‌ఫోన్ పెట్టుకుంటే శత్రువు అడుగుల చప్పుడు కన్నా ముందు కూలర్లో నీళ్ళు కారే చప్పుడే వినపడుతుంది. హెడ్‌ఫోన్‌లో లోపమేమీ లేదు. ఆ గదికి అది పనికిరాదు, అంతే.

అందుకే ఇక్కడ బ్రాండ్ల పేర్లు కాస్త ఆలస్యంగా వస్తాయి. ముందు గది, తర్వాత కరెంటు, పీసీలో గుచ్చే చోటు, ఆ తర్వాత తల, చెవులు. వీటి సంగతి తేలితే కొనాల్సినవి రెండు మూడు మోడళ్ళే మిగులుతాయి. మనవాళ్ళు ఎక్కువగా దీన్ని తిరగేసి చేస్తారు. ఆఫర్ చూసి కొంటారు, ఇంటికొచ్చాక ఫ్యాన్ ఆపుకుని ఆడతారు.

1. ముందు మీ గదిని వినండి

రూపాయి ఖర్చు లేని పని ఇది. మీరు రోజూ ఆడే సమయానికి, ఆడే కుర్చీలోనే కూర్చోండి. ఫ్యాన్, కూలర్ మామూలుగా ఎలా తిరుగుతాయో అలాగే ఉంచండి. ఫోన్‌ను నోటికి జానెడు దూరంలో పట్టుకుని వాయిస్ రికార్డర్ ఆన్ చేయండి. పది సెకన్లు ఊరికే ఉండి, తర్వాత మామూలు గొంతుతో నాలుగు మాటలు మాట్లాడండి. ఇప్పుడు ఫ్యాన్ ఆపి మళ్ళీ అదే చేయండి. రెండూ పక్కపక్కన వింటే మీ టీమ్‌మేట్లు ఇన్నాళ్ళూ ఏం భరిస్తున్నారో తెలిసిపోతుంది.

తర్వాత గది మధ్యలో నిలబడి గట్టిగా ఒక చప్పట్టు కొట్టండి. శబ్దం టక్కున ఆగిపోతే మంచిది. వెనక సన్నగా 'టింగ్' అని సాగితే గోడలు, నేల దాన్ని వెనక్కి కొడుతున్నట్టు. కడప బండలైనా టైల్సైనా పరిచిన నేల, ఖాళీ గోడలు, పైన స్లాబు, మూలన స్టీలు బీరువా ఉన్న గదుల్లో ఇది మామూలే. హెడ్‌ఫోన్‌కు దీంతో పెద్ద నష్టం లేదు, మైకుకు మాత్రం చాలా నష్టం. మంచం మీద మడిచిపెట్టిన బొంతను మీరు మాట్లాడే దిశలో గోడకు వేలాడదీసి మళ్ళీ చప్పట్టు కొట్టి చూడండి. ఫోమ్ ముక్కలు ఆర్డర్ పెట్టే ముందు బొంతతోనే సగం పని అవుతుంది. బీరువా డోరు సరిగా పడకపోతే స్పీకర్ బేస్‌కు గడగడలాడుతుంది. దాని సందులో మడిచిన కాగితం ముక్క దూర్చండి.

ఇంకొకటి కూడా చూసుకోవాలి: ఆడుతున్నప్పుడు బయటి చప్పుళ్ళు మీకు వినపడాలా, వద్దా? ఇంట్లో మీరొక్కరే ఉండే వేళ గ్యాస్ సిలిండర్ వాళ్ళో కొరియర్ వాళ్ళో వస్తే బెల్లు వినపడాలి. అమ్మ నాలుగుసార్లు పిలిచినా పలక్కపోతే ఇంట్లో గేమింగ్ మీదే గొడవ మొదలవుతుంది. చెవిని పూర్తిగా మూసేసే హెడ్‌ఫోన్ కొనేవాళ్ళు దీన్ని ముందే తేల్చుకోవాలి.

2. కరెంటు, ఎర్తింగ్, జాక్

హెడ్‌ఫోన్ బాగాలేదని వాపసు ఇచ్చేసేవాళ్ళలో చాలామందికి అసలు సమస్య గోడ దగ్గర ఉంటుంది. చెవిలో సన్నగా 'హమ్‌మ్' అని మోత, మైకులో అదే మోత, పీసీ క్యాబినెట్ ఇనుప భాగానికి చెయ్యి తగిలితే జివ్వుమనడం. ఈ మూడూ కలిసి ఉంటే ఎర్తింగ్ లేదనే అనుకోండి.

జరిగేది ఇది. పీసీ ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు అందించే పెట్టె) లోపల కరెంటులోని చెత్తను వడగట్టడానికి ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి క్యాబినెట్ బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ వైరు ఉంటే వాటిగుండా కారే కొద్దిపాటి కరెంటు భూమిలోకి పోతుంది. ఎర్త్ లేకపోతే బాడీ మీద సుమారు సగం వోల్టేజీ, అంటే 230కి 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు బాగా తక్కువ కాబట్టి జివ్వుమని మాత్రమే అంటుంది. కానీ హెడ్‌ఫోన్ వైరుకు అదే బాడీ ఆధారం, అందుకే మోత. చేత్తో ముట్టుకుని పరీక్షించే పని పెట్టుకోకండి, నియాన్ టెస్టర్ బాడీకి ఆనించండి. బల్బు వెలిగితే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

పాత ఇళ్ళలో త్రీ పిన్ సాకెట్ ఉంటుంది గానీ పై పెద్ద రంధ్రానికి వైరే ఉండదు. లేదంటే ఎక్స్‌టెన్షన్ బాక్స్‌ను టూ పిన్ కన్వర్టర్‌తో గోడకు గుచ్చి ఉంటారు. ఎలక్ట్రీషియన్ ఫేజుకూ ఎర్తుకూ మధ్య బల్బు పెట్టి చూస్తాడు, నిండుగా వెలగాలి. బొగ్గు, ఉప్పు వేసిన పాతకాలం ఎర్త్ గుంత ఉన్న ఇంట్లో ఎండాకాలం మట్టి ఎండిపోతే ఎర్తు బలహీనపడుతుంది. దానికి అప్పుడప్పుడు రెండు బకెట్ల నీళ్ళు పోయడం పెద్దవాళ్ళకు తెలిసిన పనే. ఒక్క మాట గట్టిగా చెప్పాలి: "ఏముంది, న్యూట్రల్‌ను ఎర్త్ పిన్నుకు కలిపేస్తే సరి" అని ఎవరన్నా అంటే ఒప్పుకోవద్దు. న్యూట్రల్ వైరు ఎక్కడైనా తెగితే మీ క్యాబినెట్ బాడీ మొత్తానికి ఫేజు వచ్చేస్తుంది. అది మోత సమస్య కాదు, ప్రాణం సమస్య.

కరెంటు పోయినప్పుడు ఇన్వర్టర్ మీద స్పీకర్ 'గీ' అంటే అది స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయి ఉంటుంది. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న స్పీకర్లు దాని మీద మోగుతాయి. ఆ కాసేపు హెడ్‌ఫోన్ వాడుకోండి, స్పీకర్ మార్చాల్సిన పనిలేదు.

ఇక జాక్. డెస్క్‌టాప్ వెనక ఆకుపచ్చ రంధ్రం హెడ్‌ఫోన్‌కు, గులాబీ రంధ్రం మైకుకు. ఫోన్‌కు పనికొచ్చే హెడ్‌సెట్ ప్లగ్గు మీద మూడు నల్ల గీతలుంటాయి, మైకు కూడా ఆ ప్లగ్గులోనే ఉందని అర్థం. రెండు గీతలుంటే వినడానికి మాత్రమే. మూడు గీతల ప్లగ్గును డెస్క్‌టాప్ ఆకుపచ్చ రంధ్రంలో గుచ్చితే పాట వినపడుతుంది, మైకు పనిచేయదు. దాన్ని రెండుగా చీల్చే వై స్ప్లిటర్ కావాలి. షాపులో అడిగేటప్పుడు "హెడ్‌సెట్‌కు మైకు, సౌండ్ విడదీసేది" అని స్పష్టంగా అడగండి. ఊరికే స్ప్లిటర్ అంటే ఒకే పాట ఇద్దరు వినేది చేతిలో పెడతారు. లాప్‌టాప్‌కు ఒకటే రంధ్రం ఉంటే సాధారణంగా ఇవేవీ అక్కర్లేదు.

క్యాబినెట్ ముందున్న జాక్‌లో గుచ్చి, పాటేమీ పెట్టకుండా, మౌసు గబగబా కదిపి చూడండి. దానికి తగ్గట్టు చెవిలో 'చిర్రు చిర్రు' అంటే, ముందు జాక్ నుంచి మదర్‌బోర్డుకు పోయే సన్న వైరు గ్రాఫిక్స్ కార్డు దగ్గర చెత్తను పట్టుకుంటోందన్నమాట. వెనక జాక్‌లో పెట్టి చూడండి. అక్కడా ఉంటే చిన్న యూఎస్‌బీ డాంగిల్ కొనండి. సౌండ్ తయారయ్యే పని క్యాబినెట్ బయటికి వచ్చేస్తుంది. ఆపిల్ అమ్మే టైప్ సీ హెడ్‌ఫోన్ డాంగిల్ విండోస్‌లోనూ శుభ్రంగా పనిచేస్తుంది. టైప్ సీ పోర్టు లేని పీసీకి దాంతోపాటు చిన్న కన్వర్టర్ కావాలి. అదే డాంగిల్‌ను కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పెడితే సౌండ్ తక్కువగా వస్తుంది. కాబట్టి ఫోన్లో పెట్టి చూసి పనికిరాదని తేల్చేయకండి.

యూఎస్‌బీ ప్లగ్గుతో వచ్చే హెడ్‌సెట్‌లో ఈ డాంగిల్ పని చేసే చిప్పు లోపలే ఉంటుంది. అలాంటిది కొన్నవాళ్ళు విడిగా డ్యాక్ (ఇలాంటి సౌండ్ చిప్పున్న పెట్టె), సౌండ్ కార్డు అని డబ్బు పెట్టక్కర్లేదు.

3. తల, చెవులు, ఎండ

మూడు రకాలున్నాయి. క్లోజ్డ్ బ్యాక్ అంటే కప్పు వెనక మూసి ఉండేది. ఓపెన్ బ్యాక్ అంటే జాలీ ఉండి గాలి ఆడేది. ఐఈఎం అంటే చెవి రంధ్రంలోకి దూర్చుకునే ఇయర్‌ఫోన్, స్టేజీ మీద గాయకులు పెట్టుకునే తరహా.

ఓపెన్ బ్యాక్‌లో శబ్దం తల చుట్టూ విశాలంగా పరుచుకున్నట్టు ఉంటుంది, చెవులు ఉక్కబోయవు. కానీ బయటి చప్పుడంతా లోపలికి వస్తుంది, మీరు వినేదంతా బయటికి పోతుంది. ఏసీ గదో, రాత్రి పదకొండు తర్వాత నిశ్శబ్దమో ఉన్నవాళ్ళకు నేను దీన్నే చెబుతాను. కూలర్ గదిలో వద్దు.

క్లోజ్డ్ బ్యాక్ గేమింగ్ హెడ్‌సెట్ అందరికీ తెలిసిందే. మన వాతావరణంలో దాని శత్రువు మెత్త మీది తోలు. అది నిజం తోలు కాదు, పాలీయురిథేన్ పొర. తేమ తగిలేకొద్దీ ఆ పొర రసాయనికంగా విడిపోతుంది. కావలి, కొత్తపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళ ఉక్క, చెమట, దానికితోడు తలకు రాసుకున్న కొబ్బరినూనె కలిస్తే మెత్తలు నల్లటి పొలుసులుగా ఊడి చెవులకు, బుగ్గలకు అంటుకుంటాయి. కాబట్టి కొనేముందు రెండు చూడండి: మెత్తలు ఊడదీసి మార్చుకునే వీలుందా, ఆ మోడల్‌కు విడి మెత్తలు దొరుకుతున్నాయా. గుడ్డతోనో వెల్వెట్‌లాంటి బట్టతోనో చేసిన మెత్తలు చల్లగా ఉంటాయి గానీ, బయటి చప్పుడును కొంచెం ఎక్కువ రానిస్తాయి, బేస్ కాస్త తగ్గుతుంది. తలకు నూనె పెట్టుకునే అలవాటుంటే పాత కాటన్ చేతిరుమాలు హెడ్‌బ్యాండ్‌కు చుట్టండి. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది.

బరువు కూడా లెక్కే. లాజిటెక్ జీ435 165 గ్రాములు, రేజర్ బ్లాక్‌షార్క్ వీ2 ఎక్స్ 240, హైపర్‌ఎక్స్ క్లౌడ్ 2 మైకుతో కలిపి 300 దాటుతుంది. మొదటి ఐదు నిమిషాల్లో తేడా తెలియదు, గంటన్నరకు మెడ చెబుతుంది. కళ్ళజోడు ఉన్నవాళ్ళకు గ్రాముల కన్నా పట్టు ముఖ్యం. గట్టిగా పట్టే హెడ్‌సెట్ కళ్ళజోడు కాడను కణత మీద నొక్కేస్తుంది. కమ్మలు, జూకాలు పెట్టుకునే అమ్మాయిలకు చెవి మీద ఆనే చిన్న మెత్తలు అసలు పడవు. చెవి మొత్తాన్ని లోపల పెట్టుకునే లోతైన కప్పులు చూసుకోవాలి.

రోహిణి కార్తెలో కూడా మూడు గంటలు ఆడేవాళ్ళకు నా మొగ్గు వైరున్న ఐఈఎం వైపే. బరువు లేదు, చెవుల చుట్టూ చెమట లేదు, రబ్బరు టిప్ సరిగ్గా కూర్చుంటే కూలర్ హోరు బాగా తగ్గుతుంది. మూన్‌డ్రాప్, కేజెడ్, ట్రూథియర్ లాంటి కంపెనీల మొదటి మెట్టు మోడళ్ళు, అదే ధర గేమింగ్ హెడ్‌సెట్ల కన్నా శుభ్రమైన ధ్వనినిస్తాయి. కష్టం టిప్ దగ్గరే. డబ్బాలో వచ్చే మూడు సైజులూ మార్చి మార్చి పెట్టి చూడండి, ఎడమ చెవికి ఒక సైజు, కుడి చెవికి ఒకటి సరిపోవడం మామూలే. బేస్ లేదని తిట్టే వాళ్ళలో చాలామందికి టిప్ సరిగా కూర్చోక పక్కల నుంచి గాలి పోతుంటుంది. గుబిలి ఎక్కువ వచ్చేవాళ్ళు, చెవిలో చీము, దురద ఉన్నవాళ్ళు మాత్రం దీని జోలికి పోవద్దు. మిగతావాళ్ళు వారానికోసారి టిప్పులు సబ్బునీళ్ళతో కడిగి బాగా ఆరబెట్టాలి.

4. డబ్బా మీద రాతలు

కావలి తమ్ముడొకడు ఫోన్ చేసి, "అన్నా, సెవెన్ పాయింట్ వన్ అంట, ఆఫర్లో ఉంది, తీసుకునేదా?" అంటాడు. "అబ్బయా, లోపల ఎన్ని స్పీకర్లున్నాయో కనుక్కో ముందు" అంటే కాసేపటికి "రెండే అంట" అని మెసేజ్ వస్తుంది. దాదాపు అన్ని 7.1 (చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపిస్తామనే) హెడ్‌సెట్లలోనూ చెవికి ఒకటే స్పీకరు. మిగతాదంతా సాఫ్ట్‌వేర్ లెక్క, అది విండోస్‌లోనే ఉచితంగా ఉంది.

రెండు స్పీకర్లతో దిక్కు తెలియడం ఎలా అంటే, మనకున్నవి రెండు చెవులే కదా. కుడివైపు నుంచి వచ్చే శబ్దం కుడి చెవికి ముందు చేరి, తల చుట్టి ఎడమ చెవికి సుమారు 0.6 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సన్నని శబ్దాలైతే తల అడ్డుపడి ఎడమ చెవికి తగ్గి వినపడతాయి. మెదడు ఈ రెండిటినీ కలిపి దిక్కు కడుతుందని లార్డ్ రేలీ 1907లోనే వివరించాడు. ముందా వెనకా, పైనా కిందా అన్నది చెవి డొప్ప మడతల్లో శబ్దం మారే తీరును బట్టి తెలుస్తుంది. ఈ మార్పులన్నిటినీ లెక్కకట్టి మామూలు స్టీరియోలో వినిపించేదే హెచ్‌ఆర్‌టీఎఫ్. వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 లాంటి ఆటలు దాన్ని తామే చేస్తాయి. శత్రువు ఎక్కడున్నాడో ఆటకు కచ్చితంగా తెలుసు, హెడ్‌సెట్ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. అందుకే ఆట చేసే లెక్కే మెరుగు.

'50 ఎంఎం డ్రైవర్' (డ్రైవర్ అంటే లోపలి స్పీకరు) అన్నది కూడా నాణ్యత కాదు, కొలత మాత్రమే. ఐఈఎంలో 10 ఎంఎం డ్రైవర్ ఎన్నో 50 ఎంఎం హెడ్‌సెట్ల కన్నా బాగుంటుంది. '20 నుంచి 20,000 హెర్ట్జ్' అన్నది చాలా డబ్బాల మీద ఉంటుంది, దాన్ని చూసి ఏమీ తేల్చలేం.

ఓమ్స్ (ఇంపీడెన్స్, అంటే కరెంటుకు హెడ్‌ఫోన్ పెట్టే అడ్డు) సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. ఇంపీడెన్స్ ఒక్కటే చూసి "250 ఓమ్స్, చాలా పవర్‌ఫుల్" అనడం, బోరు ఎంత లోతో తెలియకుండా మోటారు హార్స్‌పవర్ అడిగినట్టే. సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కు ఎంత శబ్దం వస్తుందన్నది కూడా కలపాలి. బేయర్‌డైనమిక్ డీటీ 990 ప్రో 250 ఓమ్స్ మోడల్‌కు ఒక మిల్లీవాట్ ఇస్తే 96 డెసిబెల్స్ వస్తుంది. బాంబు పేలినప్పుడు ఒక్క క్షణం 110 డెసిబెల్స్ దాకా చీలకుండా రావాలంటే ఇంకో 14 డెసిబెల్స్, అంటే 25 మిల్లీవాట్లు కావాలి. 250 ఓమ్స్ దగ్గర దానికి 2.5 వోల్టులు పడుతుంది. పైన చెప్పిన ఆపిల్ డాంగిల్ ఇచ్చేది సుమారు 1 వోల్టే. అదే ఫిలిప్స్ ఎస్‌హెచ్‌పీ9500 అయితే 32 ఓమ్స్, మిల్లీవాట్‌కు 101 డెసిబెల్స్. 110కి చేరడానికి 8 మిల్లీవాట్లు, అంటే అర వోల్టు చాలు. మొదటిదానికి విడిగా ఆంప్ (శబ్దానికి బలమిచ్చే పెట్టె) కావాలి, రెండోదానికి డాంగిల్ ఎక్కువే. గేమింగ్ కోసం మొదటిసారి కొనేవాళ్ళు 80 ఓమ్స్ లోపు ఉన్నవే చూసుకుంటే ఆంప్ ఖర్చు చాలావరకు తప్పుతుంది.

వైర్‌లెస్ విషయంలో బ్లూటూత్, 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ (హెడ్‌సెట్‌తోనే వచ్చే యూఎస్‌బీ రేడియో ముక్క) ఒకటి కాదు. మామూలు బ్లూటూత్‌లో శబ్దం రావడానికి 150 నుంచి 250 మిల్లీసెకన్ల ఆలస్యం తేలిగ్గా ఉంటుంది. తుపాకీ పేలాక చప్పుడు వస్తుంది. పైగా మైకు ఆన్ చేయగానే చాలా బ్లూటూత్ హెడ్‌సెట్లు కాల్ మోడ్‌లోకి పడిపోతాయి. స్టీరియో పోయి ఒకే చానెల్, పాతకాలం ఫోన్ కాల్ లాంటి శబ్దం. మీ హెడ్‌సెట్ డిస్కార్డ్‌ (ఆడేవాళ్ళు మాట్లాడుకునే యాప్) కాల్‌లో చేరగానే డొల్లగా వినపడితే కారణం ఇదే, పాడవలేదు. గేమింగ్‌కు వైర్‌లెస్సే కావాలనుకుంటే 2.4 గిగాహెర్ట్జ్ డాంగిల్ ఉన్నదే తీసుకోండి. ఆ డాంగిల్‌ను పీసీ వెనక నీలం రంగు యూఎస్‌బీ 3 పోర్టులో గుచ్చకండి, ఆ పోర్టులు అదే బ్యాండులో రేడియో చెత్త వదులుతాయి. చిన్న ఎక్స్‌టెన్షన్ వైరుతో టేబుల్ మీదికి తెచ్చి పెట్టుకుంటే మధ్యమధ్యలో తెగిపోవడం చాలావరకు ఆగిపోతుంది. నేనైతే అదే డబ్బుకు వైరున్నదే కొంటాను. వేడికి త్వరగా ముసలిదయ్యే బ్యాటరీ దాంట్లో ఉండదు.

5. మైకు

ఫ్యాన్ కింద కూర్చునే వాళ్ళకు మైకు ఖరీదు కన్నా మైకు దూరం ముఖ్యం. దూరం సగమైతే మీ గొంతు సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, ఫ్యాన్ చప్పుడు ఉన్నంతే ఉంటుంది. హెడ్‌సెట్ మైకును నోటి ఎదురుగా కాకుండా పెదవి కొస పక్కన, రెండు వేళ్ళ దూరంలో పెట్టండి. ఊపిరి నేరుగా తగలదు, 'ప', 'భ' దగ్గర బుస్సుమనదు.

టేబుల్ మీద పెట్టే యూఎస్‌బీ కండెన్సర్ మైకులు ఈ మధ్య అందరూ కొంటున్నారు. స్టాండుతో సహా వస్తాయి, వెలుతురు కూడా. అవి మూరెడు దూరంలో కూర్చుని గదంతా వింటాయి: ఫ్యాన్, కీబోర్డు, వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు. మన గదులకు డైనమిక్ మైకు (దగ్గరి గొంతునే ఎక్కువగా పట్టేది) మేలు, నోటికి దగ్గరగా, ఆర్మ్ స్టాండు మీద. ఐఈఎం వాడేవాళ్ళకు తేలిక దారి మైకున్న కేబుల్. ఎస్‌హెచ్‌పీ9500 లాంటి కేబుల్ ఊడొచ్చే హెడ్‌ఫోన్లకు వీ-మోడా బూమ్‌ప్రో లాంటి మైకు కేబుల్ గుచ్చితే అదే హెడ్‌సెట్ అయిపోతుంది.

మిగిలిన చప్పుడును సాఫ్ట్‌వేర్‌కు వదిలేయండి. డిస్కార్డ్‌లో క్రిస్ప్ అనే చప్పుడు తగ్గించే సదుపాయం ఉంది. ఎన్విడియా ఆర్‌టీఎక్స్ గ్రాఫిక్స్ కార్డు ఉన్నవాళ్ళకు అదే పని చేసే ఎన్విడియా బ్రాడ్‌కాస్ట్ ఉచితం. రెండూ ఒకేసారి పెడితే గొంతు బావిలోంచి వచ్చినట్టవుతుంది, ఒకటే ఉంచండి.

రాత్రిపూట అరిచి ఇంట్లో వాళ్ళను లేపేవాళ్ళు సైడ్‌టోన్ ఉన్న హెడ్‌సెట్ చూసుకోండి. మీ గొంతు మీకే చెవిలో వినిపిస్తుంది కాబట్టి తెలియకుండానే నెమ్మదిస్తారు.

6. కొన్న రోజు చేయాల్సిన సెట్టింగులు

విండోస్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి, మీ హెడ్‌ఫోన్ ఎంచుకుని, ఫార్మాట్ 24 బిట్, 48,000 హెర్ట్జ్ పెట్టండి. ఎన్‌హాన్స్‌మెంట్స్ (విండోస్ శబ్దానికి చేసే మెరుగులు) ఆపేయండి. 'మోర్ సౌండ్ సెట్టింగ్స్'లో కమ్యూనికేషన్స్ అనే చోట 'డూ నథింగ్' ఎంచుకోండి. ఇది చాలామందికి తెలియదు. లేకపోతే ఎవరన్నా కాల్‌లో ఉన్నారని అనిపించినప్పుడల్లా విండోస్ ఆట శబ్దాన్ని 80 శాతం తగ్గించేస్తుంది, మీరేమో హెడ్‌సెట్‌ను అనుమానిస్తారు.

తర్వాత దిక్కుల లెక్క ఒక్క చోటే జరగనివ్వండి. వాలరెంట్‌లో స్పీకర్ కాన్ఫిగరేషన్ స్టీరియో, హెచ్‌ఆర్‌టీఎఫ్ ఆన్. అప్పుడు విండోస్ సోనిక్, డాల్బీ ఆట్మోస్, హెడ్‌సెట్ యాప్‌లోని 7.1 మూడూ ఆఫ్. ఒకదాని మీద ఒకటి పడితే ముందూ వెనకా కలగాపులగమైపోతుంది. ఆటలో అలాంటి సదుపాయం లేకుండా సరౌండ్ శబ్దం మాత్రం ఇస్తుంటే, అప్పుడు విండోస్ సోనిక్ ఆన్ చేసి చూడండి. స్నేహితుడిని ప్రైవేటు మ్యాచ్‌లో మీ చుట్టూ నడవమని, కళ్ళు మూసుకుని వేలితో దిక్కు చూపించండి. ఏ సెట్టింగ్ మీ చెవికి కుదిరిందో ఐదు నిమిషాల్లో తేలుతుంది.

అడుగుల చప్పుడు తేలాలంటే ఈక్వలైజర్ ఏపీఓ అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకోండి. 100 నుంచి 200 హెర్ట్జ్ దగ్గర 3 డెసిబెల్స్ తగ్గించి, 2,000 నుంచి 4,000 మధ్య 3 పెంచండి. పెంచినంత ప్రీఆంప్‌ (అందులోనే ఉండే మొత్తం శబ్దం మీట) లో తగ్గించండి, లేకపోతే పేలుళ్ళ దగ్గర శబ్దం చీలుతుంది. అంతకు మించి పెంచితే చెవి గీసినట్టుంటుంది. విండోస్‌లోని లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ (చిన్న చప్పుళ్ళనూ పెద్దవాటి స్థాయికి తెచ్చేది) ఆన్ చేయమని చెప్పేవాళ్ళుంటారు. దాంతో అడుగులు గట్టిగా వినపడతాయి నిజమే, కానీ దగ్గరి అడుగూ దూరపు అడుగూ ఒకేలా ఉంటాయి.

వాల్యూమ్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే హద్దు వారానికి 40 గంటలు, 80 డెసిబెల్స్. ప్రతి 3 డెసిబెల్స్ పెరిగితే సమయం సగమవుతుంది: 83కి 20 గంటలు, 86కి 10. కూలర్ హోరును మించి వినాలని వాల్యూమ్ పెంచే గదిలో ఈ హద్దు ఎప్పుడు దాటామో తెలియదు. చెవిని మూసే హెడ్‌ఫోన్ అక్కడ సుఖానికి మాత్రమే కాదు. ఆట ఆపాక చెవిలో 'కీ' అని మోగితే ఆ రోజు ఎక్కువైందనే.

7. స్పీకర్లు

పోటీ ఆటలకు హెడ్‌ఫోనే. కథ ఉన్న ఆటలకు, సినిమాలకు రెండు స్పీకర్లు మానిటర్‌కు అటూ ఇటూ, చెవి ఎత్తులో, మీ తలతో సమత్రిభుజంలా పెట్టుకోండి. షాపుల్లో అసెంబుల్ చేసి ఇచ్చే 5.1 హోమ్ థియేటర్ సెట్ చిన్న గదిలో బీరువాను వాయించడానికే పనికొస్తుంది.

8. కొనడం

మొత్తం మూడు వేల లోపైతే: మైకున్న ఐఈఎం, డాంగిల్. ఐదారు వేలుంటే పేరున్న క్లోజ్డ్ బ్యాక్ హెడ్‌సెట్, తీగతో ఉన్నది. పదివేలు దాటితే హెడ్‌ఫోన్, మైకు విడివిడిగా తీసుకోండి. ఒకటి పోయినా రెండోది మిగులుతుంది.

నెల్లూరు ట్రంక్ రోడ్డులోనో ఒంగోల్లోనో షాపులో దొరికితే పెట్టుకుని చూడండి. ఫోన్లో మీకు బాగా తెలిసిన పాట ఒకటి, మీ ఆట రికార్డింగ్ ఒకటి తీసుకెళ్ళి కనీసం పావుగంట తల మీద ఉంచండి. డెమో పీస్ లేదంటే మొహమాటపడకుండా బయటికి రండి. చెన్నై వెళ్ళే పని ఎటూ ఉంటుంది కాబట్టి, పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో వెళ్ళి దిగి, ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్ చుట్టి వస్తే మోడళ్ళు చాలా కనపడతాయి. బేరం బాగా కుదిరిందంటే మాత్రం డబ్బా తిరగేసి చూడండి: దిగుమతి చేసిన కంపెనీ పేరు, చిరునామా, ఎమ్మార్పీ ఉండాలి. అవి లేని సరుకు గ్రే మార్కెట్‌ (కంపెనీకి సంబంధం లేని దొడ్డిదారి) ది, వారంటీ కోసం తిరగడం దండగ.

ఆన్‌లైన్‌లో కొనేముందు 'రిటర్న్' అని ఉందా, 'రీప్లేస్‌మెంట్ మాత్రమే' అని ఉందా చదవండి. రెండోదైతే పట్టు మీ తలకు గట్టిగా ఉన్నా డబ్బు వెనక్కి రాదు, అదే మోడల్ ఇంకొకటి వస్తుంది. సర్వీస్ సెంటర్ మన జిల్లాలో ఉందా, లేకపోతే మీ పిన్‌కోడ్‌కు వచ్చి తీసుకెళ్తారా అన్నది కంపెనీ సైట్‌లో ముందే చూసుకోండి. డబ్బా విప్పేటప్పుడు వీడియో తీయండి. గడువు ముగిసేలోపు ఎడమ కుడి తారుమారు కాలేదని, రెండు వైపులా శబ్దం ఒకే స్థాయిలో వస్తోందని, వైరు ప్లగ్గు దగ్గర వంచినా శబ్దం తెగడం లేదని, మైకు రికార్డింగ్ శుభ్రంగా ఉందని చూసుకోండి. డబ్బా, జీఎస్టీ బిల్లు వారంటీ అయ్యేదాకా అటక మీద ఉంచండి. బిల్లుండీ తిప్పుకుంటుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.